పదకొండేళ్ళు ఒకే స్టీమరులో: ఇంజన్‌కు వంక పెట్టలేను

తీరం వెంట సరుకు మోసే ఒక చిన్న బొగ్గు స్టీమరులో పదకొండేళ్ళు పనిచేశాను. మొదట కొలిమి దగ్గర బొగ్గు వేశాను, తర్వాత ఇంజన్‌కు నూనె పోశాను. అది మునిగిన రాత్రి కూడా అందులోనే ఉన్నాను. కాబట్టి ఈ సమీక్షలో మెప్పుతో పాటు కోపం కూడా ఉంటుంది.

ముందు ఇంజన్ సంగతి. అది మూడు సిలిండర్ల ఆవిరి యంత్రం. చదరపు అంగుళానికి 180 పౌన్ల ఒత్తిడితో వచ్చిన ఆవిరి మొదట చిన్న సిలిండర్‌ను, ఆ తర్వాత మధ్యదాన్ని, చివరికి పెద్దదాన్ని నడిపి, కండెన్సర్‌లో మళ్ళీ నీరవుతుంది. ఒకే ఆవిరి చేత మూడుసార్లు చాకిరీ చేయించుకోవడమన్నమాట. ఈ పద్ధతి 1881లో ‘అబర్డీన్’ అనే ఓడతో సముద్రం మీద నిలదొక్కుకుంది. అరవై ఏళ్ళ తర్వాత, యుద్ధకాలంలో అమెరికా ఆగమేఘాల మీద కట్టిన 2,710 లిబర్టీ ఓడల్లోనూ ఈ రకం ఇంజనే పెట్టారు. అప్పటికే డీజిళ్ళు, టర్బైన్లు ఉన్నాయి కదా అంటారేమో. దీనితో ఒక్క నెల గడిపితే ఆ ప్రశ్న అడగరు. కదిలే భాగాలన్నీ బయటికే కనబడతాయి. ఎక్కడ తేడా వచ్చినా చెవి ముందే పసిగడుతుంది.

బేరింగు వేడెక్కిందా లేదా అన్నది చేత్తోనే చూసేవాళ్ళం. నిమిషానికి డెబ్బై చుట్లు తిరిగే క్రాంకు, అంటే ఇరుసును తిప్పే ఇనుప చేయి, దగ్గరికి వచ్చే వేళకు అరచేతిని దాని దారిలోకి పంపి, తాకీ తాకకుండా తాకి, వెనక్కి తీసుకోవాలి. లయ తప్పితే వేళ్ళు మిగలవు. నాకు నేర్పిన పెద్దాయన “చూడకు, విను” అనేవాడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చురుక్కుమంటే నూనె అందడం లేదని అర్థం. ఇన్నేళ్ళలో నడిసముద్రంలో ఇంజన్ ఆగింది రెండేసార్లు. రెండుసార్లూ తప్పు మాదే.

బాయిలర్ మాత్రం మొండిది. చల్లారిందంటే మళ్ళీ ఆవిరి ఎక్కడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. తొందరపడి మంట పెంచితే పైన వేడెక్కి అడుగున చల్లగానే ఉండిపోతుంది, అతుకులు కారడం మొదలవుతుంది. కొలిమిలో గడ్డకట్టిన చిట్టెం ప్రతి వంతులోనూ ఇనుప గడతో పగలగొట్టి లాగాలి. గాలి ఎటునుంచి వీస్తుందో చూడకుండా బూడిద పారబోసినవాడికి ఆ రోజు రెండుసార్లు స్నానం తప్పదు.

ఇక అసలు లోపం. సరుకు గది నోటిని హ్యాచ్ అంటాం. మా ఓడలో దానికి మూత అంటే వరసగా పేర్చిన చెక్క పలకలు, వాటి మీద టార్పాలిన్, అంచుల్లో సుత్తితో బిగించిన చెక్క సీలలు. అంతే! 1929లోనే ‘షీఫ్ హోమ్’ అనే బొగ్గు ఓడకు ఉక్కు మూతలు అమర్చారు. మాకు అవి రాలేదు. ఇంజన్‌కు కావలసిన విడిభాగాలు అడగ్గానే ఇచ్చిన యజమాని, కొత్త టార్పాలిన్ అనేసరికి “వచ్చే ప్రయాణానికి చూద్దాం” అనేవాడు. మేమూ గట్టిగా అడగలేదు. ఇంజన్ గదివాళ్ళకు డెక్కు మీద గుడ్డ సంగతి ఎందుకు అనుకున్నాం.

ఓడ మునిగిన ఆ రాత్రి తుపానులో ముందువైపు హ్యాచ్ దగ్గర సీలలు ఊడి, టార్పాలిన్ మూల లేచింది. తర్వాత అలకు పలకలు కొట్టుకుపోయాయి. లోపలి సరుకు ధాన్యం. నీటితో పాటు గింజలు కూడా వెళ్ళి పంపు గొట్టం మూతిలోని జల్లెడకు అడ్డుపడ్డాయి. ఎంత తోడినా రెండు నిమిషాలకే పంపు ఉత్తగాలి పీల్చేది. ఓడ ముక్కు దిగిపోయింది. వెనక ప్రొపెల్లర్ నీటి పైకి లేచినప్పుడల్లా ఇంజన్ పూనకం వచ్చినట్టు తిరిగేది, వెంటనే ఆవిరి తగ్గించాల్సి వచ్చేది. తెల్లవారుజామున కొలిమి గది నేలపలకల మీదికి నీళ్ళొచ్చాయి, బొగ్గుముక్కలు తేలుతూ తిరిగాయి. పంపుకూ ఆవిరే కావాలి. నిప్పు ఆరితే ఇక చేసేదేమీ లేదు. అందరం పడవల్లోకి దిగాం, అందరం బతికాం.

ప్రదర్శన కోసం నిలబెట్టిన పాత స్టీమరు ఎక్కితే జనం నేరుగా ఇంజన్ గదికే పరుగెడతారు. మీరు మాత్రం ముందు హ్యాచ్ దగ్గర ఆగి, ఆ సీలలను చేత్తో ఒకసారి కదిపి చూడండి.