ఫ్లాట్ అమ్మడానికి జీపీఏనా, ఎస్పీఏనా?

అమెరికాలో ఉండి హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మాలంటే తమ్ముడికో బావమరిదికో పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ తరఫున పని చేసే అధికార పత్రం, ఇవ్వడం మామూలే. ఏది ఇవ్వాలన్నదే టెన్షన్.

జీపీఏ, అంటే జనరల్ పవర్ ఇస్తే అద్దె వసూలు, ఇంటి పన్ను, కోర్టు కేసు అన్నీ ఒకే కాగితంతో నడుస్తాయి. నాలుగైదు ఆస్తులుండి ఏడాదంతా ఒకరు చూసుకోవాల్సి వస్తే ఇదే సుఖం. కానీ అమ్మే అధికారం కూడా అందులో రాసేస్తే, మీకు తెలియకుండానే సేల్ డీడ్ (అమ్మకపు పత్రం)పై సంతకం పడిపోవచ్చు.

ఎస్పీఏ, అంటే స్పెషల్ పవర్, రాసిన పనికే పరిమితం. ఫ్లాట్ నంబరు, హద్దులు, కొనేవారి పేరు, కనీస ధర, డబ్బు మీ ఖాతాకే రావాలన్న షరతు, అన్నీ రాయించండి. సేల్ డీడ్‌పై సంతకం చేసి రిజిస్టర్ చేయించే అధికారం స్పష్టంగా ఉండాలి. లేకపోతే పని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఆగిపోతుంది. ఒక్క అమ్మకానికైతే నేను నిస్సందేహంగా ఇదే ఇవ్వమంటాను.

ఏదైనా సరే, అక్కడ నోటరీ లేదా భారత కాన్సులేట్ ముందు సంతకం చేయాలి. కాగితం ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి.

కొనేవారికీ ఒక మాట: జీపీఏ చేతికొస్తే ఆస్తి మీదైనట్టు కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. రిజిస్టరైన సేల్ డీడ్ అడగండి.