గోడ కాగితం మీద హిట్లర్, నడిసముద్రంలో నావికుడు: లండన్‌లో యుద్ధకాలపు కార్టూన్ల వెంట ఆరు రోజులు

వైజాగ్ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో జపాన్ వాళ్ళు వేసిన బాంబు ఒకటి ఉంది, పేలనిది. చిన్నప్పుడు మా అమ్మమ్మ నన్ను దాని ముందు నిలబెట్టి 1942 ఏప్రిల్ 6 నాటి సంగతి చెప్పింది. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. బండి కట్టుకుని ఊరు వదిలి అనకాపల్లి వైపు వెళ్ళిపోయారట. "బాంబుల కన్నా పుకార్లకే ఎక్కువ భయపడ్డాం నాన్నా. ఏం జరిగిందో సరిగ్గా చెప్పే మనిషే లేడు" అనేది. యుద్ధం వచ్చినప్పుడు జనానికి ఏం చెప్పాలో, ఏం చూపించాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆ ప్రశ్న నాకు అక్కడే పట్టుకుంది. కార్టూన్ల పిచ్చి ముందు నుంచీ ఉంది. రెండూ కలిసి ఈ ఏడాది మే నెలలో నన్ను లండన్ తీసుకెళ్ళాయి.

ముందు బస సంగతి చెప్పేస్తాను. మొదటి రెండు రాత్రులు పాడింగ్టన్ దగ్గర ఒక చవక హోటల్లో దిగాను. ఫొటోలో కనిపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు. లిఫ్ట్ లేదు, పెట్టె మోసుకుంటూ నాలుగు అంతస్తులు ఎక్కాను. మంచం పక్కన పెట్టె తెరిస్తే కాలు పెట్టే చోటు లేదు. మూడో రోజు ఈస్ట్ హామ్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఇంటికి మారిపోయాను. "ముందే ఇక్కడికి రావాల్సింది కదా బావగారూ" అని మరదలు కోప్పడింది, న్యాయమే. చుట్టాలు లేకపోయినా ఈ పని మీద వెళ్ళేవాళ్ళకి నేను ఈస్ట్ హామే చెప్తాను. ఊరి మధ్యకి ముప్పావు గంట పడుతుంది, నిజమే. కానీ అక్కడి నుంచి డిస్ట్రిక్ట్ లైన్ ఒక్కటే పట్టుకుని వెస్ట్‌మినిస్టర్‌కి వెళ్ళొచ్చు, రిచ్‌మండ్ వైపు వెళ్ళే రైలైతే మారకుండా నేషనల్ ఆర్కైవ్స్ ఉన్న క్యూ అనే పేట దాకా వెళ్ళొచ్చు. హై స్ట్రీట్ నార్త్‌లో ఇడ్లీ, దోసె, భోజనం దొరుకుతాయి. ట్యూబ్‌లో కార్డు తాకిస్తూ తిరిగితే చాలు, రోజుకి ఒక పరిమితి దాటాక ఇక డబ్బులు కట్ కావు. పాస్ కోసం లైన్లో నిలబడక్కర్లేదు.

మొదట ఇంపీరియల్ వార్ మ్యూజియం. లాంబెత్ నార్త్ స్టేషన్‌లో దిగి కాసేపు నడవాలి. ప్రవేశం ఉచితం. గుమ్మం ముందు రెండు భారీ నౌకా ఫిరంగులు, లోపల పైనుంచి వేలాడే స్పిట్‌ఫైర్ విమానం. పిల్లలు అక్కడే ఆగిపోతారు. నేను పోస్టర్ల కోసం వెళ్ళాను. మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటన్ యుద్ధమంత్రి కిచనర్ బొమ్మ, వేలు మన వైపు చూపిస్తూ సైన్యంలో చేరమనేది, అందరికీ తెలిసిందే. దాన్ని ఆల్ఫ్రెడ్ లీట్ అనే చిత్రకారుడు ముందు గీసింది ఒక పత్రిక ముఖచిత్రం కోసం, 1914 సెప్టెంబర్‌లో. సర్కారు పోస్టర్ అనుకునే బొమ్మ పత్రికలో పుట్టిందన్నమాట.

నన్ను ఎక్కువసేపు ఆపేసినవి ఫుగాస్ అనే కార్టూనిస్టు పోస్టర్లు. అసలు పేరు కెన్నెత్ బర్డ్. 1915లో టర్కీలోని గల్లిపోలీ యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డ మనిషి. 1940లో సమాచార మంత్రిత్వ శాఖ కోసం ఎనిమిది పోస్టర్లు గీశాడు, పైసా తీసుకోకుండా. విషయం ఒక్కటే: నోరు జారితే ప్రాణాలు పోతాయి. ఒక దానిలో ఇద్దరు ఆడవాళ్ళు బండిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే వెనక సీట్లో హిట్లర్, అతని కుడిభుజం గోరింగ్ కూర్చుని వింటుంటారు. ఇంకోదానిలో గోడలకు అంటించే కాగితం, దాని మీద పువ్వుల బదులు వరసగా హిట్లర్ ముఖాలే. గోడలకు చెవులుంటాయని మనం చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. దాన్ని ఇంత ముచ్చటగా గీసిన వాణ్ణి నేను చూడలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ ముఖంలో ఉన్నది మూడే: పాపిడి తీసిన జుట్టు, మీసం, చెవి. అంతే. చుట్టూ బోలెడంత తెల్ల కాగితం వదిలేశాడు. గోడ నిండా అరిచే పోస్టర్లున్న కాలంలో తెల్లగా ఖాళీగా ఉన్నదాని మీదే కన్ను ఆగుతుందని అతనికి తెలుసు. భయపెట్టాల్సిన చోట నవ్వించాడు, నవ్వినవాడు ఆ మాట మర్చిపోడు. ప్రభుత్వ ప్రచారం అనగానే అబద్ధమే అనుకునే నాకు ఆ పోస్టర్లు ఒక పాఠం.

షాపులో కప్పుల మీద కనిపించే 'ప్రశాంతంగా ఉండండి, పని సాగించండి' అనే ఎర్ర పోస్టర్ కథ తెలుసా? 1939లో దాదాపు 25 లక్షల ప్రతులు అచ్చు వేశారు, కానీ జనంలోకి దాదాపుగా వదల్లేదు. 2000లో ఇంగ్లండ్ ఉత్తరాన ఆల్న్‌విక్‌లోని ఒక పాత పుస్తకాల షాపులో ఒక ప్రతి బయటపడ్డాకే ప్రపంచానికి తెలిసింది. యుద్ధంలో జనాన్ని నిలబెట్టిన పోస్టర్ ఇదేనని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఈ మ్యూజియానికి ఒక పూర్తి రోజు పెట్టండి. ఉదయం పదికి తలుపు తీయగానే వెళ్తే నయం, పదకొండు దాటాక స్కూలు పిల్లలతో నిండిపోతుంది.

కార్టూన్ మ్యూజియం ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌కి దగ్గరలో, వెల్స్ స్ట్రీట్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఉంది. చిన్నది, టికెట్ ఉంది, సోమవారం సెలవు. ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి యుద్ధకాలపు బొమ్మల కోసమే వెళ్తే ముందు అక్కడ ఏం పెట్టారో చూసుకుని వెళ్ళండి. జేమ్స్ గిల్రే పేరు తెలియకపోతే మాత్రం తెలుసుకోవాల్సిన చోటు ఇదే. 1805లో బ్రిటన్ ప్రధాని పిట్, నెపోలియన్ ఎదురెదురుగా కూర్చుని భూగోళాన్ని పుడ్డింగ్‌లా కోసుకుని పంచుకునే బొమ్మ గీసింది ఇతనే. నెపోలియన్ పొట్టివాడు అని మనమంతా నమ్మడంలో గిల్రే బొమ్మల వాటా పెద్దది. నెపోలియన్ ఆ కాలపు మనుషులతో పోలిస్తే పొట్టివాడేం కాదు. ఇదే గిల్రేకి 1797 నుంచి ప్రభుత్వం గుట్టుగా ఏడాదికి 200 పౌండ్ల పింఛను ఇచ్చింది. అది తెలిశాక గిల్రే గీసిన ప్రతి గీతనీ రెండుసార్లు చూడాల్సి వస్తుంది. ఒక గంటన్నర చాలు, మనసు నిండుతుంది.

చర్చిల్ వార్ రూమ్స్ టికెట్ 30 పౌండ్లు దాటింది, మన డబ్బుల్లో మూడున్నర వేలకి పైనే. ప్రధాని చర్చిల్ రెండో ప్రపంచయుద్ధాన్ని నడిపించిన నేలమాళిగ గదుల్ని యుద్ధం నాటికి ఎలా ఉన్నాయో అలా ఉంచారు, బాగా ఉంచారు. కానీ నేను వెతికే వస్తువు అక్కడ ఒక్కటే: సైన్యాధిపతులు సమావేశమైన గదిలో పటం మీద ఎవరో గీసిన బుల్లి హిట్లర్ బొమ్మ. సమావేశం మధ్యలో తోచక గీసిన గీతలా ఉంటుంది. దానికోసమే అయితే అంత డబ్బు పెట్టనవసరం లేదు. చరిత్ర మీద ఇష్టం ఉంటే వెళ్ళండి, ముందే బుక్ చేసుకుని వెళ్ళండి.

రస్సెల్ స్క్వేర్ దగ్గర సెనెట్ హౌస్ అనే తెల్లటి ఎత్తైన భవనం ఉంది. లండన్ యూనివర్సిటీది. యుద్ధకాలంలో సమాచార మంత్రిత్వ శాఖ ఇందులోనే నడిచింది. ఫుగాస్ పోస్టర్లు వేయించిందీ, పత్రికల వార్తల్ని సెన్సార్ చేసిందీ ఈ శాఖే. బయట నిలబడి తల పైకెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. పది నిమిషాలు చాలు.

ఇక అసలు పని మీదకి వస్తాను. బ్రిటిష్ లైబ్రరీలో పాత పత్రికలు చూసుకునే న్యూస్‌రూమ్ ఉంది. రీడర్ పాస్ ఉచితం, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు ఉండాలి. నేను చూడాలనుకున్నది ఒకే ఒక్క బొమ్మ: 1942 మార్చి 6న డైలీ మిర్రర్ పత్రికలో ఫిలిప్ జెక్ గీసిన కార్టూన్.

నల్లటి సముద్రం. మునిగిన ఓడ తాలూకు తెప్ప ముక్క మీద ఒక నావికుడు బోర్లా పడి ఉన్నాడు, వేళ్ళతో దాన్ని పట్టుకుని. ఇంకెవరూ లేరు. కింద రాత: పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగింది, ప్రభుత్వ ప్రకటన. అంతే. ఆ రాత జెక్ రాసిందానికి మెరుగు పెట్టి ఇచ్చింది అతని సహోద్యోగి, 'కసాండ్రా' పేరుతో కాలమ్ రాసే విలియం కానర్. జెక్ చెప్పదలచుకున్నది తేలికైన మాట: ఈ పెట్రోలు మనదాకా తేవడానికి మనుషులు సముద్రంలో చస్తున్నారు, వృథా చేయకండి. ప్రభుత్వమే పోస్టర్ వేయించుకోదగ్గ మాట. కానీ చర్చిల్ మంత్రివర్గం దాన్ని ఇంకోలా చదివింది: వ్యాపారుల లాభాల కోసం నావికులు చస్తున్నారని పత్రిక అంటోందని. హోం మంత్రి హెర్బర్ట్ మోరిసన్ పత్రిక వాళ్ళని పిలిపించి, యుద్ధకాలపు రెగ్యులేషన్ 2డి కింద మూసేస్తామని హెచ్చరించాడు. ఉత్త బెదిరింపు కాదు, ఏడాది ముందే, 1941 జనవరిలో, అదే నిబంధన కింద కమ్యూనిస్టు పత్రిక డైలీ వర్కర్‌ని మూసేశారు. పార్లమెంటులో చర్చ జరిగింది. చివరికి మిర్రర్ బతికింది.

తెర మీద ఆ బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూశాను. నావికుడికి ముఖమే లేదు దాదాపుగా. అందుకే అది ఏ ఇంటి మనిషైనా కావచ్చు. తేదీ మళ్ళీ చూశాను. మార్చి 6. సరిగ్గా నెల తర్వాత అమ్మమ్మ బండెక్కి ఊరు వదిలింది.

1945 మే 8న యూరప్‌లో యుద్ధం ముగిసిన రోజు జెక్ ఇంకో కార్టూన్ వేశాడు. గాయపడ్డ సైనికుడు 'విజయం, శాంతి' అని రాసిన దండను మన చేతికి అందిస్తూ, ఇదిగో, మళ్ళీ పోగొట్టుకోకండి అంటాడు. జూలై 5న ఎన్నికల రోజున మిర్రర్ దాన్నే మొదటి పేజీలో మళ్ళీ వేసింది. ఆ ఎన్నికల్లో గెలిచింది లేబర్ పార్టీ, అంటే మోరిసన్ పార్టీ.

ఆ గదిలో కూర్చున్నంత సేపూ నాకు బెంగాల్ చిత్రకారుడు చిత్తప్రసాద్ గుర్తొస్తూనే ఉన్నాడు. 1943లో బెంగాల్ కరువులో మిడ్నాపూర్ జిల్లాలో కాలినడకన తిరిగి, ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని నల్ల ఇంకుతో గీసి, వాళ్ళ ఊళ్ళతో సహా రాసి 'హంగ్రీ బెంగాల్' అని చిన్న పుస్తకం వేశాడు. 5,000 ప్రతులు అచ్చయితే ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. కుటుంబం దగ్గర ఒక్క ప్రతి మిగిలింది. జెక్‌కి హెచ్చరిక, పార్లమెంటులో అతని తరఫున మాట్లాడే సభ్యులు. చిత్తప్రసాద్‌కి నిప్పు. ఏడాది తేడాలో, ఒకే రాజ్యం కింద. లండన్‌లో మిర్రర్ బతికిందని చదివి సంతోషపడ్డ ప్రతిసారీ ఈ రెండోది కూడా చెప్పుకోవాలని నా పట్టుదల.

చివరి రోజు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్. నా మార్కులు అన్నిటికన్నా దీనికే. సమాచార శాఖ పోస్టర్ల అసలు చిత్రాలు ఐఎన్ఎఫ్ 3 అనే విభాగంలో ఉన్నాయి, అచ్చు కాగితాలు కాదు, చేత్తో వేసినవి. రీడర్స్ టికెట్ ఉచితం. ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, కావాల్సిన నంబర్లు ముందే ఆర్డర్ పెట్టుకుంటే వెళ్ళేసరికి సిద్ధంగా ఉంచుతారు. పెన్ను లోపలికి తీసుకెళ్ళనివ్వరు, పెన్సిలే. బ్యాగు లాకర్‌లో పెట్టాలి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. అక్కడి సిబ్బంది ఓపిక గురించి ఎంత చెప్పినా తక్కువే. నాకు నంబరు సరిగ్గా రాయడం రాకపోతే ఒకావిడ పక్కన కూర్చుని వెతికి పెట్టింది.

నేను చూసిన ఒక చిత్రంలో రంగు కింద పెన్సిల్ గీతలు కనిపిస్తున్నాయి. ఒక చెయ్యిని ముందు ఒకలా గీసి, తెల్ల రంగుతో కప్పేసి, మళ్ళీ గీశాడు. అక్షరాలు వేరే కాగితం మీద రాసి అంటించారు, ఒక అంచు లేచి ఉంది. పోస్టర్ గోడ మీద ఉన్నప్పుడు అది ప్రభుత్వం గొంతులా వినిపిస్తుంది. ఇక్కడ బల్ల మీద మాత్రం ఎవరో ఒక మనిషి, సాయంత్రంలోగా పని అప్పగించాలని టెన్షన్ పడుతూ చెయ్యి దిద్దుకున్నట్టు ఉంది.

ఆది, సోమవారాలు క్యూ ఆర్కైవ్స్ మూసి ఉంటుంది, ప్లాన్‌లో గుర్తుపెట్టుకోండి. నాకు కుదరనిది కాంటర్బరీ. అక్కడ కెంట్ యూనివర్సిటీలో బ్రిటిష్ కార్టూన్ ఆర్కైవ్ ఉంది, 1939లో హిట్లర్, స్టాలిన్ పోలండ్ శవం మీదుగా టోపీలు తీసి దండాలు పెట్టుకునే బొమ్మ గీసిన డేవిడ్ లో చిత్రాలు కూడా అక్కడున్నాయి. సెయింట్ పాంక్రస్ నుంచి వేగంగా వెళ్ళే రైలుకి గంట ప్రయాణం, కానీ ముందుగా అపాయింట్‌మెంట్ కావాలి. ఆ సంగతి నాకు ఐదో రోజున తెలిసింది. వచ్చే ఏడాది టికెట్ కొనకముందే వాళ్ళకి రాస్తాను.