మామునూరు నుంచి విశాఖ బీచ్ రోడ్డు దాకా: పాత విమానాల వెంట

హన్మకొండలో ఉంటూ పాత విమానాల మీద ఇష్టం పెంచుకున్నవాళ్లకు ఎప్పుడూ ఒకటే బాధ: చూడాలంటే ఎటు పోవాలి? మనకు రన్‌వే ఉంది గానీ దాని మీద విమానం లేదు. అందుకే సెలవులు దొరికినప్పుడల్లా నేనూ, మా బావా, వాళ్ల చిన్నబిడ్డా కలిసి బయల్దేరుతుంటాం. బావకు ఇంజిన్లంటే ప్రాణం. పాపకు ఆకాశంలో పల్టీలు కొట్టే హెలికాప్టర్లు కావాలి. నాకు కెమెరా. ఒక చోటు బాగుందా లేదా అని చెప్పడానికి నేను చూసేవి రెండే: విమానం దగ్గరికి ఎంతవరకు పోనిస్తారు, అక్కడ మనం ఫొటో తీస్తుంటే పక్కవాళ్లకు ఇబ్బంది అవుతుందా. రెండోదాని గురించి మనలో మాట్లాడుకోవడం తక్కువ. అందుకని ఇక్కడ దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు మన మామునూరు. వరంగల్ నుంచి ఖమ్మం రోడ్డు పట్టుకుంటే కాసేపట్లో వస్తుంది. నిజాం కాలంలో 1930లో మొదలైన ఎయిర్‌ఫీల్డ్ ఇది, 1981 దాకా వాడుకలో ఉంది. వరంగల్ ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ పేపర్ మిల్లు పనుల మీద వచ్చేవాళ్లకు అక్కరకొచ్చేది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చాక మళ్లీ అందరి నోటా దీని పేరు వినబడుతోంది. చూడ్డానికి ఏముంది అంటే, బయటి నుంచి ఖాళీ మైదానమే. పాత విమానాల చరిత్ర తెలిసినవాళ్లకు మాత్రం అరగంట ఆగదగ్గ చోటు. కంచె దూకి రన్‌వే మీద రీల్స్ చేసే కుర్రాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. అది ఎయిర్‌పోర్ట్ అథారిటీ స్థలం, పక్కనే పోలీసు బెటాలియన్ ఉంది. రోడ్డు మీద నిలబడి చూసుకుని రావడమే మర్యాద.

నిజాం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్ల ఖర్చు భరించింది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. వాటిలో ఎఫ్-1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. తర్వాత బెర్లిన్, పోలండ్ తిరిగి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ వాయుసేన (ఆర్‌ఏఎఫ్) మ్యూజియంలో ఉంది. నిజాం బహూకరించినట్టు రాసిన అక్షరాలు దాని ఒంటి మీద ఉన్నాయి. ఎప్పటికైనా పోయి చూడాలని నా కోరిక.

బసంత్‌నగర్ గురించి రెండు ముక్కలు చాలు. కరీంనగర్ నుంచి రామగుండం పోయే రాజీవ్ రహదారి మీద, సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఒకప్పుడు చిన్న ఊళ్లకు తిరిగే ప్రభుత్వ సంస్థ వాయుదూత్ విమానాలు దిగేవి. దాని కోసమే ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు. రామగుండం వైపు పోతూ దారిలో గుర్తు చేసుకుంటే సరిపోతుంది.

అసలు ఎయిర్‌షో అంటే మనకు బేగంపేటే. రెండేళ్లకోసారి జరిగే విమానాల ప్రదర్శన వింగ్స్ ఇండియాకు 2024 జనవరిలో వెళ్లాం. కాజీపేట నుంచి పొద్దున రైలు పట్టుకుంటే సికింద్రాబాద్‌కు రెండు గంటలు, కాస్త అటూ ఇటూ. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి ప్రకాశ్‌నగర్‌లో దిగితే ట్రాఫిక్ గొడవ ఉండదు. కారు తీసుకుపోతే పార్కింగ్‌కే సగం పూట పోతుంది. చివరి రోజులే మామూలు జనానికి. మొదటి రోజులు వ్యాపారం పని మీద వచ్చేవాళ్లకు. టికెట్ కొనేముందు ఆ తేడా చూసుకోండి.

బస విషయంలో మాత్రం జాగ్రత్త. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి. షో ఉంది కదా సార్, అందరికీ ఇంతే అన్నారు. పైగా గది రోడ్డు వైపే, రాత్రంతా ఆటోల మోత. మరుసటి రోజు ప్యారడైజ్ వైపు గల్లీలో ఇంకో చిన్న హోటల్‌కు మారాం. గది ఇరుకే గానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున ఆరు గంటలకే ఇడ్లీ దొరికింది. షోకు పోయేవాళ్లకు అంతకన్నా కావలసింది లేదు. రేటు ఎంతో మెసేజ్‌లో రాయించుకున్నాకే బయల్దేరండి.

నిజం చెప్పాలంటే వింగ్స్ ఇండియా పాత విమానాల పండుగ కాదు. ఆ ఏడు ఎయిర్ ఇండియా కొత్త ఏ-350, బోయింగ్ 777-9 అక్కడ నిలబెట్టారు, జనమంతా వాటి చుట్టే. నాకు మాత్రం ఆ నేల మీద నడవడమే గొప్పగా అనిపించింది. 1945 నుంచి 1953 దాకా డెక్కన్ ఎయిర్‌వేస్ వాళ్ల డకోటాలు, అంటే రెండు ప్రొపెల్లర్ల పాత విమానాలు, ఎగిరింది ఇక్కడి నుంచే. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో సిక్కు రెజిమెంట్ సైనికులను దింపింది కూడా డకోటాలే. ఇప్పుడు మన వాయుసేన దగ్గర ఎగిరే స్థితిలో ఉన్న ‘పరశురామ’ ఆ జాతిదే, వీపీ-905 అని ఆనాటి విమానం నంబరే దాని మీద వేశారు.

వాయుసేన విన్యాసాల జట్టు సారంగ్ వాళ్ల ధ్రువ్ హెలికాప్టర్లు లేచినప్పుడు అసలు చిక్కు మొదలైంది. మా ముందు ఒకాయన మడత స్టూలు వేసుకుని ఎక్కి నిలబడ్డాడు, చేతిలో పెద్ద జూమ్ లెన్సు. పాపకు ఆయన వీపు తప్ప ఇంకేమీ కనబడలేదు.

“అన్నా, జర కిందకు దిగుతవా? పిల్లకు కనబడతలేదు,” అన్నాడు బావ.

“రెండు నిమిషాలే అన్నా, అయిపోయింది,” అన్నాడాయన దిగకుండానే.

ఆ రెండు నిమిషాల్లోనే రెండు హెలికాప్టర్లు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటిపోయాయి. ఆయనకు ఫొటో దొరికే ఉంటుంది. మా వెనక ఉన్న నాలుగైదు వరుసలకు అది దొరకలేదు. బావ గొడవ పడలేదు, పాపను భుజాల మీదకు ఎత్తుకోనూ లేదు. ఎత్తుకుంటే మా వెనకవాళ్లకు అడ్డం కదా. సందు చేసుకుని తాడు దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. అక్కడున్న ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. ముందు వరుస కూర్చుంటే వెనక వరుస మొత్తానికి ఆకాశం దొరుకుతుంది. ఇంత తేలికైన సంగతి ప్రతి షోలోనూ ఎవరో ఒకరు చెప్పాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

స్టూళ్లు, ట్రైపాడ్‌లు, సెల్ఫీ స్టిక్‌లు జనం మధ్యకు తేకండి. బ్యాగు వీపున ఉంటే తిరిగినప్పుడల్లా ఎవరికో తగులుతుంది, ముందుకు వేసుకోండి. ట్యాబ్ తల మీదకు ఎత్తి వీడియో తీయొద్దు. డ్రోన్ ఆలోచనే వద్దు. అది ఎగిరితే షో ఆపేయాల్సి వస్తుంది, పైలట్ల ప్రాణాలకే ముప్పు. లెన్స్ క్యాప్, బిస్కెట్ ప్యాకెట్ రేపర్, టోపీ లాంటివి విమానాలు నిలిపే చోట పడితే వెతికి తీసుకోవాలి. జెట్ ఇంజిన్ గాలితోపాటు వాటినీ లోపలికి లాగేసుకుంటుంది. నిలబెట్టిన విమానాలకు ముందువైపు సన్నటి గొట్టాలు, వాటికి ఎర్ర తొడుగులు కనబడతాయి. వేగం కొలిచేది వాటితోనే. పట్టుకుని ఫొటో దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

పాత విమానాలకైతే ఇంకో రెండు. టైగర్ మాత్, పుష్పక్ లాంటి పాత చిన్న విమానాలకు రెక్కల మీద ఉండేది గుడ్డ, రేకు కాదు. వేలితో నొక్కితే చెడిపోతుంది. పిస్టన్ ఇంజిన్ ఉన్న విమానం ప్రొపెల్లర్ ఆగి ఉన్నా చేయి వేయొద్దు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ఆఫ్ కాకపోతే కొద్దిగా తిప్పినా ఇంజిన్ ఒక్కసారి అంటుకుని బ్లేడు కొడుతుంది. విమానం దగ్గర నిలబడ్డ టెక్నీషియన్‌ను ముందు నమస్తే అని పలకరించి, దీని గురించి చెప్తారా అని అడగండి. తర్వాత ఫొటో అడగండి. కాక్‌పిట్ ఎక్కనిస్తే ఒక్క ఫొటో చాలు, మెట్ల మీద వెనకాల పిల్లలుంటారు.

కెమెరా సంగతి కూడా చెప్తాను. జెట్‌లకు షట్టర్ స్పీడ్ 1/1000 పైన పెట్టుకోవచ్చు. హెలికాప్టర్‌కూ, ప్రొపెల్లర్ విమానానికీ అదే పెడితే రెక్కలు కదలనట్టు పడి, గాల్లో వేలాడగట్టిన బొమ్మలా ఉంటుంది. 1/125 నుంచి 1/250 మధ్య పెట్టి, విమానంతోపాటు కెమెరాను మెల్లగా తిప్పాలి. చాలా ఫొటోలు పోతాయి, ఒకటి నిలుస్తుంది. ఆ ఒక్కటి చాలు.

2024 డిసెంబరు 8న ట్యాంక్‌బండ్ మీద వాయుసేన విమాన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ షో ఉచితంగా జరిగింది. తొమ్మిది హాక్ జెట్ విమానాలు. డబ్బులు పెట్టి చూసినా అంత బాగా కనబడదేమో అనిపించింది. సాయంత్రం పూట ట్యాంక్‌బండ్ మీద నిలబడితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ఫొటోలన్నీ నల్లటి నీడలే. నెక్లెస్ రోడ్డు వైపైతే వెలుగు వెనక నుంచి పడుతుంది. ఇంటికి తిరిగి రావడం మాత్రం కష్టం. జనం అంతా ఒకేసారి కదులుతారు. ఆ రాత్రి రైలుకు టికెట్ చేయించుకోకుండా తెల్లారి బస్సుకు వస్తే టెన్షన్ ఉండదు.

ఇక ఈ తిరుగుడులో నాకు అన్నిటికన్నా నచ్చింది విశాఖపట్నంలోని టీయూ-142. వరంగల్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున విశాఖలో దిగుతాం. బీచ్ రోడ్డులో, కురుసుర సబ్‌మెరైన్‌కు ఎదురుగానే ఉంటుంది. 1988 నుంచి 2017 దాకా నౌకాదళంలో సముద్రం మీద నిఘా కాసిన రష్యన్ విమానం. 29 ఏళ్లలో 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరింది. 2017 డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 53 మీటర్లు. దాని కింద నిలబడితేనే అదెంతో తెలుస్తుంది. ఫొటోలో ఎంత వెనక్కి జరిగినా పట్టదు.

బావ ఇంజిన్ దగ్గర ఆగిపోయాడు. ఒక్కో ఇంజిన్‌కు రెండు వరుసల ప్రొపెల్లర్లు, నాలుగు బ్లేడ్ల చొప్పున, ఒకటి అటు తిరిగితే ఒకటి ఇటు. నాలుగు ఇంజిన్లకు కలిపి 32 బ్లేడ్లు. పాప వాటిని వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. అక్కడున్న గైడ్ పెద్దాయన ఆ పిల్ల లెక్క పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగి, “సరిగ్గా చెప్పావు తల్లీ, ఇదెందుకు రెండు వైపులా తిరుగుతుందో తెలుసా?” అంటూ మొదలుపెట్టాడు. ఎక్కడా తొందరపెట్టలేదు. లోపల దారి ఇరుకు, తల వంచుకుని నడవాలి. అక్కడ నిలబడి సెల్ఫీ దిగితే వెనక లైన్ మొత్తం ఆగిపోతుంది. మేము చివరగా వెళ్లాం, మా వెనక ఎవరూ లేనప్పుడు నెమ్మదిగా తీసుకున్నాం. ఫ్లాష్ వద్దు, అద్దాల మీద తిరిగి కొడుతుంది. బయటి నుంచి ఫొటోకైతే పొద్దున్నే వెళ్లండి, వెలుగు సముద్రం వైపు నుంచి సూటిగా పడుతుంది. లోపల చూసే వేళలు, వారపు సెలవు ముందే కనుక్కోండి.

ఒక్క చోటికే వీలవుతుంది, పాత విమానమే కావాలి అనేవాళ్లు వరంగల్ నుంచి నేరుగా విశాఖ పోండి. పిల్లలకు ఆకాశంలో విన్యాసాలు చూపించాలంటే బేగంపేట. మా తర్వాతి ప్రయాణం బెంగళూరులో హెచ్‌ఏఎల్ మ్యూజియం, అక్కడ ఆ సంస్థే తయారుచేసిన పాత విమానాలు మారుత్‌ను, హెచ్‌టీ-2ను చూడాలి. కాజీపేట మీదుగా బెంగళూరు రైళ్లకు సెలవుల్లో బెర్తులు దొరకవు కాబట్టి బావ ఇప్పటి నుంచే తేదీలు చూస్తున్నాడు.