ఫోన్‌కు మూడు స్టార్లు, బగ్ చెప్తే వినుడుకు ఒక్కటే

హన్మకొండ చౌరస్తాల కొన్న గీ ఫోన్, ఎనిమిది నెలలైతాంది, కంపెనీ పేరు మాత్రం చెప్ప. బ్యాటరీ మస్తు, కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ పొయ్యి అచ్చేదాకా చార్జర్ తియ్యలె. కెమెరా నడుస్తది. నా లొల్లంత లాక్ స్క్రీన్ తోని.

దసరా సెలవులకు మా అక్క కొడుకు అచ్చిండు. పొద్దుగాల్నే నా ఫోన్ పట్టుకొని లాక్ తియ్యకుండనే సెల్ఫీలు దిగుతాండు, గప్పుడే నా ఐదున్నర అలారం మోగింది, వాడు దాన్ని ఆపి దిగిన ఫొటో మీద నొక్కితే మొత్తం గ్యాలరీ తెరుసుకున్నది. "మామా, నీ ఆధార్ కార్డు కనవడ్తాంది సూడు" అన్నడు.

నాలుగుసార్లు చేసి సూసిన, నాలుగుసార్లు గంతే. ఇంకో ఫోన్‌తోని వీడియో తీసి, అబౌట్ ఫోన్‌ల ఉన్న బిల్డ్ నంబర్ (సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో చెప్పేది), సెక్యూరిటీ ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) తేదీ రాసి కంపెనీ సెక్యూరిటోళ్లకు మెయిల్ కొట్టిన. రెండు వారాలకు జవాబు, మా దగ్గర అట్ల అయితలేదు అని. అలారం పెట్టకుంట ఎట్లైతదయ్యా, మొదటి లైన్లనే రాసిన గదా! మళ్ల పంపితే ఈసారి డూప్లికేట్ అన్నరు, ముందుగాలనే ఎవరో చెప్పిన్రట. మరి రెండు వారాల కింద ఎందుకు కాలేదో.

2022ల గూగుల్ వాళ్ల పిక్సెల్ ఫోన్లల గింతకంటె పెద్దదే బయటపడ్డది. లాకైన ఫోన్ల మన సిమ్ ఏసి, ఆ సిమ్ పిన్ మూడుసార్లు తప్పు కొట్టి, పీయూకే కోడ్ (లాకైన సిమ్‌ను తెరిసే నంబర్) ఎక్కించి సిమ్‌కు కొత్త పిన్ పెడితే సీదా తెరుసుకునేది. చెప్పినాయనది గూడ డూప్లికేటే, అయినా ఆయన చెప్పినంకనే పని షురువైందని గూగుల్ 70 వేల డాలర్లు ఇచ్చింది, నవంబర్ ప్యాచ్‌ల సరిచేసింది. నేను డాలర్లు అడగలె, ఎప్పుడు సరిచేస్తరో తేదీ చెప్పున్రి అన్న. సాఫ్ట్‌వేర్ల లోపాలు పట్టే గూగుల్ టీమ్ ప్రాజెక్ట్ జీరో వాళ్లు, బయటపెట్టేముందు సరిచేసుకొనుడుకు కంపెనీలకు 90 రోజుల గడువిస్తరు గదా, నేను గూడ గన్ని దినాలు నోరు మూసుకుంట అని రాసిన. దానికైతే జవాబే లేదు.

84వ రోజు అప్‌డేట్ అచ్చింది. ఏం మార్చిన్రో సూస్తే 'స్టెబిలిటీ పెంచినం' అని ఒక్కటే ముక్క, లాక్ ముచ్చటే లేదు. గందుకే చానామంది తర్వాత చేసుకుందాం తియ్ అని ఇడిసిపెడ్తరు. ఇదే మోడల్ ఉన్నోళ్లు మాత్రం అప్‌డేట్ కొట్టుకోన్రి.

సంక్రాంతికి మా అల్లుడు మళ్ల అచ్చి, చెప్పకుండనే అలారం పెట్టి సూసిండు. తెరుసుకోలె. "ఖరాబ్ చేసిన్రు మామా" అని మొఖం మాడ్సుకొని పోయిండు.