మూత్రం నరాలకు కరెంటు మెషీన్ అంటున్నారు, కొనబాకండి

వాట్సాప్‌లో రోజూ వీడియోలు పెడతాడే నెల్లూరు సర్జికల్స్ షాపాయన, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఆయన దగ్గర కొని మోసపోయాను.

అమ్మకి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయింది, ఆ తర్వాత మూత్రం తనంతట రావడం లేదు, రోజుకి నాలుగైదుసార్లు సన్న ట్యూబుతో తీసుకోవాలి. ఆ అవస్థ చూడలేక 18,500 పోసి మెషీన్ కొన్నాను. "భయపడబాకక్కా, నడుముకి ప్యాడ్లు అంటించి పూటకి అరగంట పెట్టు, ట్యూబుతో పనే లేదు" అన్నాడు. నమ్మి ట్యూబు మానిపించాను. డాక్టరుని ఒక్క మాట అడగలేదు, ఆ తప్పు నాదే.

మర్నాడు రాత్రికి పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది, చలిజ్వరం. ఆస్పత్రిలో ట్యూబు వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. యూరాలజిస్టు మెషీన్ చూసి, ఇది నొప్పులకి వాడే మామూలు టెన్స్ మెషీన్ అన్నారు. మూత్రం ఆగిపోయినవాళ్లకి చేసే నరాల స్టిమ్యులేషన్ వేరేనంట. నడుము కింద త్రికాస్థిలోంచి వచ్చే ఎస్3 నరం పక్కన సన్న తీగ పెట్టి, ఒకటి రెండు వారాలు బయట బ్యాటరీతో పరీక్షించి, కనీసం సగమైనా మెరుగైతేనే లోపల బ్యాటరీ పెడతారంట. అమ్మకి ఇప్పుడు అదీ అక్కర్లేదు, ఆపరేషన్‌లో దెబ్బతిన్న నరాలు చాలామందికి కొన్ని నెలల్లో కోలుకుంటాయి, ఆగి చూద్దాం అన్నారు.

డిశ్చార్జి అయి వస్తూ, అమ్మని యూరిన్ బ్యాగుతో ఆటోలోనే కూర్చోబెట్టి, మెషీన్ వాపసిద్దామని షాపులోకి వెళ్లాను. కొన్నప్పుడు అక్కా అన్న మనిషి నలుగురు కస్టమర్ల ముందు "ఏమ్మా, నరాలు తెగినోళ్లకి బ్రహ్మదేవుడొచ్చినా మూత్రం రాదు, మీ అమ్మకింక జన్మంతా సంచే, నన్నడిగితే ఎట్టా" అని గట్టిగా అరిచాడు. అంతా తెలిసే అమ్మాడన్నమాట! వెనక్కి తిరిగి చూస్తే అమ్మ బ్యాగు మీద చీరకొంగు కప్పుకుంటోంది. కావలి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బు పోతే పోయింది, ఆ మాట అమ్మ చెవిన పడింది, దాన్నెట్టా తీసేది?

మీ ఇంట్లో ఎవరికైనా ఇట్టాంటిదుంటే డాక్టరు చెప్పకుండా ట్యూబు మాత్రం ఆపబాకండి, మూత్రం నిలవుంటే కిడ్నీలకే ముప్పు. ఏది కొన్నా జీఎస్టీ బిల్లు రాయించుకోండి. నేను రేపు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తున్నాను, నా దగ్గరున్నది మాత్రం ఆయన రాసిచ్చిన తెల్లకాగితం ముక్కే.