కీపాస్‌ఎక్స్‌సీ: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

అమలాపురంలో మాది చిన్న అకౌంట్ల ఆఫీసు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు, రొయ్యల చెరువుల వాళ్ళు, మేత షాపుల వాళ్ళు మా పార్టీలు. ఒక్కో పార్టీకి జీఎస్టీ లాగిన్ ఒకటి, ఇన్‌కం టాక్స్ లాగిన్ ఒకటి, మనుషుల్ని పెట్టుకున్నవాళ్ళైతే పీఎఫ్, టీడీఎస్ కూడా. వీటన్నిటినీ ఎక్సెల్ షీట్లో రాసుకుని, ఆ షీటుని వాట్సాప్‌లో ఒకరికొకరు పంపించుకునే ఆఫీసులు మా చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. మేం మాత్రం 2021 నుంచి పాస్‌వర్డ్‌లు దాచే కీపాస్‌ఎక్స్‌సీ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. దానికి ఇంతవరకూ రూపాయి కట్టలేదు, కట్టమని అది అడగలేదు కూడా.

తెలియనివాళ్ళకి ఓ ముక్క. పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, ఆ ఫైలు ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుంది. ఫైలు మన కంప్యూటర్లోనే ఉంటుంది, ఎక్కడా అకౌంట్ తెరవక్కర్లేదు. దీనికి మూలమైన కీపాస్‌ని డొమినిక్ రైకెల్ 2003లో విండోస్ కోసం తెచ్చాడు. దాన్నించి లైనెక్స్ వాళ్ళకి కీపాస్‌ఎక్స్ వచ్చింది, అది నెమ్మదించాక వేరే వాళ్ళు 2016లో అందుకుని కీపాస్‌ఎక్స్‌సీ అన్నారు. విండోస్, మ్యాక్, లైనెక్స్ మూడింట్లోనూ నడుస్తుంది.

పాస్‌వర్డ్‌లని తమ సర్వర్లో దాచిపెట్టే బిట్‌వార్డెన్ ఉండగా ఇదెందుకని అడుగుతారు. అదీ మంచిదే, ఉచితమే, మా తమ్ముడికి నేనే పెట్టిచ్చాను. కానీ 2022లో అలాంటిదే ఇంకో సర్వీసు లాస్ట్‌పాస్ సర్వర్ల నుంచి జనం తాళం వేసి దాచుకున్న పాస్‌వర్డ్ ఖజానాల కాపీలు దొంగలు ఎత్తుకుపోయారు. మాస్టర్ పాస్‌వర్డ్ గట్టిదైతే అవి అంత తేలిగ్గా తెరుచుకోవు, నిజమే. అయినా నావైతే సరే గానీ, పార్టీల లాగిన్లు ఎవరి సర్వర్లోనో పెట్టడం నాకు మనసొప్పలేదు.

నెట్ సంగతి ఇంకోటి. 2022 ఏప్రిల్ నెల జీఎస్టీఆర్-3బీ (జీఎస్టీ రిటర్ను) గడువుని పోర్టల్ మొరాయించడంతో మే 24కి జరిపారు గుర్తుందా, సరిగ్గా ఆ రోజే జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలు జరిగాయి, ఆ వెంటనే కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఒకటి రెండు రోజుల్లో వస్తుందనుకుంటే వారం దాటినా రాలేదు. ఇంటి నుంచి పని చేసుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు సిగ్నల్ కోసం గోదావరి గట్లెక్కారు. మేం లాప్‌టాప్ పట్టుకుని ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళి, అక్కడ కూర్చుని రిటర్నులు వేసుకొచ్చేవాళ్ళం. పార్టీ ఫోన్ చేసి కొత్త పాస్‌వర్డ్ చెబితే ఇక్కడ నెట్ లేకుండానే ఫైల్లో మార్చేసుకునేవాళ్ళం. బిట్‌వార్డెన్ కూడా నెట్ లేనప్పుడు దాచిపెట్టుకున్నవి చూపిస్తుంది గానీ మార్చనివ్వదు.

ఇన్నాళ్ళలో నాకు బాగా పనికొచ్చింది మాత్రం బ్రౌజర్‌కి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్. సైటు అడ్రస్ ఫైల్లో రాసిన దానితో కలిస్తేనే పాస్‌వర్డ్ ఇస్తుంది. ఒకసారి రిఫండ్ వచ్చిందంటూ మెయిల్ వస్తే మా ఆఫీసులో పని చేసే అమ్మాయి లింకు నొక్కి, "అన్నయ్యగారూ, ఇది పాస్‌వర్డ్ నింపట్లేదండి, పాడైపోయిందేమో ఓసారి చూస్తారా" అంది. చూస్తే పేజీ అచ్చం ఇన్‌కం టాక్స్ పేజీలాగే ఉంది, అడ్రస్ వేరే. మనిషి కంటికి పేజీ రంగులు, బొమ్మలు ముందు కనిపిస్తాయి, దీనికి అడ్రస్ తప్ప ఇంకేమీ కనిపించదు. ఇది నింపనంటే చేత్తో టైప్ చేయొద్దు, ముందు నాకు చూపించండి అని ఆఫీసులో ఆ రోజు నుంచి చెప్పి ఉంచాను.

పేస్ట్ చేయనివ్వని సైట్లుంటాయి కదా, అక్కడ ఆటో-టైప్ ఉంది, మనం కీబోర్డ్ మీద కొట్టినట్టే అక్షరాలు ఒక్కోటీ అదే కొడుతుంది. తెర మీద కనిపించే కీబోర్డు బటన్లు నొక్కితే తప్ప ఒప్పుకోని సైట్లకి మాత్రం ఏ మందూ లేదు. కాపీ చేసిన పాస్‌వర్డ్ పది సెకన్లకి దానంతటదే చెరిగిపోతుంది, మొదట్లో దీనికి విసుక్కున్నాను, ఇప్పుడు అలవాటైంది.

ఇక తిట్లు. ఫోన్‌కి వీళ్ళ యాప్ లేదు. ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్ అని వేరే వాళ్ళది వాడాలి, బాగానే ఉంటుంది, కానీ ఫైలుని ఫోన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కలిపి ఉంచే బాధ్యత మనదే. దానికి మేం సింక్‌థింగ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం. దాని అసలు ఆండ్రాయిడ్ యాప్‌ని 2024 డిసెంబర్‌తో ఆపేశారు, దాని కోడ్‌తోనే వేరే వాళ్ళు నడిపే యాప్‌కి (ఫోర్క్ అంటారు) మారాల్సి వచ్చింది. ఇద్దరం ఒకేసారి ఫైలు మారిస్తే రెండు ఫైళ్ళు తయారవుతాయి, వాటిని కలిపే సదుపాయం కీపాస్‌ఎక్స్‌సీలో ఉంది గానీ జీఎస్టీ రిటర్ను గడువైన 20వ తేదీ సాయంత్రం ఆ పని పడితే టెన్షనే. ఇంకొకటి, కంప్యూటర్లో ఫైలు తెరుచుకునే సమయం సెట్టింగుల్లో పెంచి పెడితే ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి చూసే దొంగకి కష్టమే గానీ చవక ఫోన్‌లో మనకీ అంతే కష్టం, వేలు పెట్టి చూస్తూ కూర్చోవాలి. ఆ సమయం ఒక సెకను పెట్టుకుంటే చాలు.

మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవరూ తెరిచి ఇవ్వరు. ఇది పదిసార్లు చెప్పినా తక్కువే. మాస్టర్ పాస్‌వర్డ్ కోసం కీపాస్‌ఎక్స్‌సీ ఏరి ఇచ్చే పదాలు ఇంగ్లీషువి, మనకి నోటికి రావు, అందుకే మేం ఒకదానికొకటి సంబంధం లేని తెలుగు మాటలు ఐదారు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాం. సామెతలు, పాటల పల్లవులు మాత్రం వద్దు, అవి మీకొక్కరికే తెలిసినవి కావు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఫైలు కాపీల సంగతి మాకు 2022 జులై వరదలప్పుడు బాగా తలకెక్కింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలన్నీ మునిగాయి. మా ఆఫీసులోకి నీళ్ళు రాలేదు, కానీ కంప్యూటరూ పెన్‌డ్రైవూ రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయని అప్పుడు చూసుకున్నాం. ఇప్పుడు ఒక కాపీ భీమవరంలో మా అత్తగారింట్లో ఉంటుంది, పండక్కి వెళ్ళినప్పుడల్లా మారుస్తాను.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు గూగుల్‌లో వెతికి పైన వచ్చిన దాన్ని నొక్కకండి. 2023లో కీపాస్ పేరుతోనే, కే అక్షరం కింద చిన్న కొక్కెం ఉన్న దొంగ అడ్రస్‌తో ప్రకటన ఇచ్చి వైరస్ ఉన్న ఫైలు అంటగట్టారు. కీపాస్‌ఎక్స్‌సీ డాట్ ఆర్గ్ అని మీరే టైప్ చేయండి.

ఇది అందరికీ పెట్టమని చెప్పను. రెండు మూడు లాగిన్లు ఉండే పెద్దవాళ్ళకి నోట్‌బుక్కే నయం, మా నాన్నగారికి అదే ఉంది. ఆయన లాంటి వాళ్ళ డబ్బు పోయేది పాస్‌వర్డ్ బలహీనమై కాదు, వాట్సాప్‌లో చలానా అనో పీఎం కిసాన్ అనో వచ్చే ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కడం వల్ల. ఆయన ఫోన్‌లో నేను చేసిందల్లా వాట్సాప్ నుంచి యాప్‌లు ఎక్కే అనుమతి తీసేయడం, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబర్‌ని 'బ్యాంకు దొంగలు' అని సేవ్ చేయడం.