మొదటి గంట మోగినప్పటి నుంచి చూడాల్సిన పాత రెజ్లింగ్ షోలు

పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ), దాని పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ పే-పర్-వ్యూ షోలను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూస్తూ వస్తున్నాను. మొదట డీవీడీల్లో, తర్వాత స్ట్రీమింగ్‌లో. ఎక్కువమంది యూట్యూబ్‌లో నాలుగు నిమిషాల క్లిప్ చూసి వదిలేస్తారు. నేను షో మొదట్లో పేలే బాణసంచా దగ్గర్నుంచి ఆఖర్న తెర మీద కంపెనీ గుర్తు పడేదాకా కూర్చుంటాను. అలా చూడగా చూడగా నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, షో నిలబడేదీ పడిపోయేదీ మ్యాచ్‌ల వరుస మీద. ఏది ముందు పెట్టారు, ఏది వెనక పెట్టారు, జనానికి ఎక్కడ ఊపిరి పీల్చుకోనిచ్చారు, ఎక్కడ లేచి నిలబడేలా చేశారు అన్నదే అసలు పనితనం. క్లిప్పుల్లో అది కనిపించదు.

ఎవరు గెలుస్తారో తెలిశాక మళ్లీ చూడటం ఎందుకని చాలామంది అడుగుతారు. పద్యనాటకానికి వెళ్లేవాళ్లందరికీ కృష్ణ రాయబారం ఫలించదని తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని వన్స్ మోర్ అంటారు. రెజ్లింగ్‌లోనూ అంతే. ఫలితం గురించిన టెన్షన్ పోయాక కళ్లు మిగతావాటి మీదికి వెళ్తాయి. దెబ్బ తిన్న కాలిని రెజ్లర్ ఇరవై నిమిషాల తర్వాత కూడా గుర్తుపెట్టుకుని కుంటుతున్నాడా, జనం చల్లబడుతున్నారని గ్రహించి వేగం మారుస్తున్నాడా అన్నవి రెండోసారికి గానీ తెలియవు.

అమెరికాలో పే-పర్-వ్యూ అంటే ఆ ఒక్క రాత్రి షో కోసం కేబుల్ కంపెనీకి విడిగా డబ్బు కట్టడం. వారం వారం టీవీలో పగ పెంచుకుంటూ వచ్చి, తేల్చుకునే మ్యాచ్‌ని మాత్రం డబ్బు కట్టినవాళ్లకే చూపించేవాళ్లు. మనకు ఆ పద్ధతి లేదు. ఇంట్లో కేబుల్ కనెక్షన్ ఉంటే చాలు, టెన్ స్పోర్ట్స్‌లో ఏడాదికో పెద్ద షో రెజిల్‌మేనియా కూడా వచ్చేసేది. ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, ర్యాంకు చూసి అండర్‌టేకర్‌నీ బ్రెట్ హార్ట్‌నీ గుర్తుపట్టిన మన తరానికి ఆ డబ్బు లెక్క తెలియదు. దాన్ని మనసులో పెట్టుకుని చూస్తే పాత షోల తీరు బాగా అర్థమవుతుంది. కట్టిన డబ్బుకు తగ్గ ముగింపు దొరక్కపోతే వచ్చే నెల ఆ ఇంటివాళ్లు మళ్లీ కట్టరు.

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చూసింది రెజిల్‌మేనియా కాదంటే కొందరు నమ్మరు. అది 1997 జులై 6న కెనడాలోని కాల్గరీలో జరిగిన ‘కెనడియన్ స్టాంపీడ్’. ఇన్ యువర్ హౌస్ వరుసలోది. 1995లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఈ వరుసను తక్కువ ధరకు, తక్కువ నిడివితో మొదలుపెట్టింది. తొలి షోలో ఒక ప్రేక్షకుడికి ఆర్లాండోలో నిజంగానే ఇల్లు బహుమతిగా ఇచ్చారు, పేరు అలా వచ్చిందే. కెనడియన్ స్టాంపీడ్‌లో అసలు షోలో ఉన్నవి నాలుగే మ్యాచ్‌లు. మ్యాన్‌కైండ్, హంటర్ హర్స్ట్ హెల్మ్‌స్లీ కొట్టుకుంటూ జనంలోకి వెళ్లిపోతారు. మ్యాచ్ అయిపోయినా ఆ కొట్లాట ఆగదు, షో మధ్యలో మళ్లీ కనిపిస్తుంది. తర్వాత జపాన్ రెజ్లర్లు గ్రేట్ సాసుకె, టకా మిచినోకు గాల్లోకి ఎగిరే ఆట. ఆపైన అండర్‌టేకర్, వేడర్. ఒక్కటీ అనవసరం అనిపించదు.

చివర్లో పదిమంది మ్యాచ్. ఒకవైపు బ్రెట్ హార్ట్, ఓవెన్ హార్ట్, బ్రిటిష్ బుల్‌డాగ్, జిమ్ నైడ్‌హార్ట్, బ్రయన్ పిల్‌మన్. రెండోవైపు స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్, కెన్ షామ్‌రాక్, గోల్డస్ట్, లీజన్ ఆఫ్ డూమ్ జోడీ. అమెరికాలో ప్రతి ఊళ్లో తిట్లు తింటున్న హార్ట్ బృందం తమ సొంత ఊళ్లో అడుగుపెట్టగానే ఆ హాలు హోరెత్తిపోతుంది. అమెరికా నెత్తిన పెట్టుకున్న ఆస్టిన్‌ని ఇక్కడ పచ్చి విలన్‌లా తిడతారు. ఆస్టిన్‌కి అది ఎంత ఇష్టంగా ఉందో చూడాలి. తిట్టేకొద్దీ ఇంకా రెచ్చగొడతాడు, రింగ్ పక్కన కూర్చున్న హార్ట్ కుటుంబం మీదికి కూడా వెళ్తాడు. చివరికి అతన్ని పిన్ చేసేది, అంటే భుజాలు నేలకు అదిమి మూడు లెక్కపెట్టించి ఓడించేది, ఓవెన్. ఆ తర్వాత బ్రెట్ తల్లిదండ్రులు స్టూ, హెలెన్‌తో సహా కుటుంబం మొత్తం రింగ్ ఎక్కుతుంది.

ఇప్పుడు చూస్తే గుండె బరువెక్కుతుంది. మూడు నెలలకే, ఆ అక్టోబర్‌లో పిల్‌మన్ చనిపోయాడు. అప్పటికే డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్లడం ఖాయమైన బ్రెట్‌ని నవంబర్‌లో మాంట్రియల్‌లో కంపెనీయే మోసం చేసి ఓడించింది, ఆ చేదుతో వెళ్లిపోయాడు. 1999లో ఓవెన్, 2002లో బుల్‌డాగ్, 2018లో నైడ్‌హార్ట్ పోయారు. ఆ అయిదుగురిలో బ్రెట్ ఒక్కడే మిగిలాడు. ఇవన్నీ తెలిసి కూడా ఆ షోలోని సంతోషం తగ్గదు. నా లెక్కలో అది పదికి పది.

పెద్ద షోల్లో 2001 ఏప్రిల్ 1న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో 67,925 మంది ముందు జరిగిన రెజిల్‌మేనియా ఎక్స్-సెవెన్‌కి సాటి లేదు. అందరూ ఆస్టిన్, రాక్ మ్యాచ్ గురించే చెబుతారు. నేను చెప్పేది దాని ముందున్న గంటన్నర గురించి. ఎడ్జ్-క్రిస్టియన్, హార్డీ సోదరులు, డడ్లీ సోదరులు బల్లలు, నిచ్చెనలు, కుర్చీలతో ఆడిన మ్యాచ్‌లో, బెల్టులు పట్టుకుని గాల్లో వేలాడుతున్న జెఫ్ హార్డీని నిచ్చెన మీంచి దూకిన ఎడ్జ్ భుజంతో గుద్దే స్పియర్‌తో కిందికి తెస్తాడు. జనం అరిచి అరిచి అలిసిపోయారు. వెంటనే ఇంకో గట్టి మ్యాచ్ పెడితే చప్పగా పోయేది. అక్కడ పాతకాలం పాత్రలందరితో సరదా బ్యాటిల్ రాయల్ పెట్టారు. అందులో పై తాడు మీంచి బయట పడినవాళ్లు అవుట్, చివరికి మిగిలినవాడే విజేత. కామెంటరీకి బాబీ హీనన్, జీన్ ఓకర్‌లండ్. గెలిచింది ఐరన్ షేక్. పై తాడు మీంచి కింద పడే స్థితిలో ఆయన మోకాళ్లు లేవు కాబట్టే గెలిపించారని చెబుతారు. జనం నవ్వుకుని, కూల్‌డ్రింక్ తాగి, అండర్‌టేకర్, ట్రిపుల్ హెచ్ మ్యాచ్‌కి మళ్లీ సిద్ధమయ్యారు. చాలామంది దాటేసే ఆ చిన్న మ్యాచ్ లేకపోతే ఆ షో చివరి గంట అంత బలంగా ఉండేది కాదు.

ముగింపు మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. టెక్సాస్ బిడ్డ ఆస్టిన్‌ని అతని సొంత రాష్ట్రంలోనే, బద్ధశత్రువు, కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్‌తో చేతులు కలిపించి విలన్ చేశారు. కుర్చీతో రాక్‌ని కొట్టిన తీరు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఆ ఘట్టం చాలా గొప్పగా తీశారు. కానీ ఆ జనం అతన్ని తిట్టడానికి సిద్ధంగా లేరు. ఆ నిర్ణయం తప్పని తర్వాత ఆస్టినే చాలాసార్లు చెప్పాడు.

మనిషి పాత్ర మారడం ఎలా ఉండాలో చూడాలంటే 1997 మార్చి 23, చికాగో పక్కన రోజ్‌మాంట్ హొరైజన్‌లో రెజిల్‌మేనియా 13. షోగా చూస్తే బలహీనమైనదే. అప్పటికింకా రాకీ మైవియాగా ఉన్న రాక్ మ్యాచ్ కూడా సాదాసీదా. టైటిల్ మ్యాచ్ అండర్‌టేకర్, సైకో సిడ్‌ది నీరసం. కానీ మధ్యలో బ్రెట్, ఆస్టిన్ ఆడిన సబ్‌మిషన్ మ్యాచ్ ఉంది, అంటే అవతలివాడు నొప్పి తట్టుకోలేక లొంగిపోయేదాకా సాగేది. హీరోగా వచ్చిన బ్రెట్ విలన్‌గా, విలన్‌గా వచ్చిన ఆస్టిన్ హీరోగా వెళ్లారు. బ్రెట్ కాళ్లు మెలిపెట్టే షార్ప్‌షూటర్ పట్టులో ఇరుక్కుని, మొహమంతా నెత్తురుతో, ఓడిపోయానని అనకుండానే ఆస్టిన్ స్పృహ తప్పుతాడు. ఈ ఫొటో అందరూ చూశారు. ఆ తర్వాతి భాగాన్ని ఎక్కువమంది చూడరు. గెలిచాక కూడా బ్రెట్ కొట్టడం ఆపడు, రిఫరీ షామ్‌రాక్ నడుం పట్టుకుని లాగేస్తాడు. బ్రెట్ తిట్లు తింటూ వెళ్లిపోతాడు. ఆస్టిన్ ఎవరి సాయమూ తీసుకోకుండా కుంటుతూ నడుస్తుంటే, వచ్చినప్పుడు తిట్టిన నోళ్లే అతని పేరు అరుస్తాయి. ఆ నడక లేకుండా ఆ మ్యాచ్ పూర్తి కాదు.

కామెంటరీ కోసం చూడాల్సింది 1992 రాయల్ రంబుల్. ఖాళీగా ఉన్న టైటిల్ కోసం ముప్పైమంది ఒకరి తర్వాత ఒకరు రింగ్‌లోకి దిగే బ్యాటిల్ రాయల్. మూడో నంబర్‌గా వచ్చిన రిక్ ఫ్లేర్ గంటకు పైగా రింగ్‌లో నిలిచి గెలిచాడు. ఆ గంటనీ మోసింది బాబీ హీనన్ గొంతు. ఫ్లేర్ మనిషిగా మైకు ముందు కూర్చుని ఒక్కొక్కరు రింగ్‌లోకి వస్తుంటే వణికిపోతాడు, బతిమాలతాడు, ఫ్లేర్‌ని కాపాడినవాణ్ణి పొగిడి మరుక్షణంలో తిడతాడు. పక్కన గొరిల్లా మన్‌సూన్ విసుక్కుంటూ ఉంటాడు. ఇంగ్లిష్ కాస్త అర్థమైతే చాలు, రింగ్ వైపు చూడకపోయినా కథ తెలిసిపోతుంది. ఇప్పటి షోల్లో ఇలాంటి పక్షపాతం ఉన్న గొంతు నాకు బాగా తక్కువగా వినిపిస్తోంది.

మిగతావి క్లుప్తంగా. 1987 రెజిల్‌మేనియా 3లో హోగన్, ఆండ్రే మ్యాచ్ చరిత్రే గానీ ఆటగా చాలా నెమ్మది. పోంటియాక్ సిల్వర్‌డోమ్‌కి 93,173 మంది వచ్చారని ప్రకటించిన లెక్క మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. ఆ షో చూడాల్సింది శావేజ్, స్టీమ్‌బోట్ కోసం. డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ల 1996 బ్యాష్ ఎట్ ది బీచ్‌లో హోగన్ విలన్‌గా మారాక రింగ్‌లో చెత్త కురిసిన సన్నివేశం నేటికీ పనిచేస్తుంది. షో మొదట్లోని రే మిస్టీరియో, సైకోసిస్ మ్యాచ్ దాటేయకండి. అదే కంపెనీ 1997 స్టార్‌కేడ్ మాత్రం పెద్ద నిరాశ. స్టింగ్‌ని ఏడాదికి పైగా పైకప్పు మీంచి దింపుతూ కథ పెంచి, తీరా హోగన్‌తో మ్యాచ్‌లో, కథ ప్రకారం స్టింగ్‌కి అన్యాయం చేస్తూ రిఫరీ వేగంగా లెక్కపెట్టాల్సిన చోట మామూలుగా లెక్కపెట్టాడు. మోసం జరిగిందన్న కథ అక్కడే కూలిపోయింది.

పాత షోలు ఇప్పుడు దొరికేది అప్పటి రూపంలో కాదన్నది గుర్తుంచుకోవాలి. వన్యప్రాణి సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌తో కేసు తర్వాత 2002లో కంపెనీ పేరు మార్చుకుంది. చాలా డీవీడీల్లో ఆ కాలపు గుర్తుని మసక చేశారు. బెల్టు మీద, రింగ్ మీద ఆ మసక మచ్చలు చిరాకు పెడతాయి. 2012లో ఒప్పందం కుదిరాక ఆ బాధ తప్పింది. ఆ కాలపు మూడో కంపెనీ, చిన్నదైన ఈసీడబ్ల్యూ షోల్లో పాటల హక్కులు లేక చాలా ఎంట్రీల సంగీతం మార్చారు. పాట మారితే ఆ చిన్న హాల్లోని జనం ఊపు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. ఈసీడబ్ల్యూని ఆ రూపంలో చూడమని నేను ఎవరికీ చెప్పను.

మళ్లీ చూడలేనివీ ఉన్నాయి. 1999 రాయల్ రంబుల్‌లో రాక్, మ్యాన్‌కైండ్ ‘ఐ క్విట్’ మ్యాచ్, అంటే ఒకరు ఓడిపోయానని నోటితో అనేదాకా సాగేది, అలాంటిది. చేతులకు సంకెళ్లు వేసిన మ్యాన్‌కైండ్ తల మీద పదికి పైగా కుర్చీ దెబ్బలు. అతని భార్యాపిల్లలు అక్కడే కూర్చుని ఉన్నారు. ఫలితం స్క్రిప్ట్ ప్రకారమే, దెబ్బలు మాత్రం నిజం. తల మీద కుర్చీతో కొట్టడాన్ని కంపెనీ 2010లో నిషేధించింది. చాలా ముందే చేయాల్సిన పని. ఆ 1999లోనే మే 23న, కాన్సస్ సిటీలో ఓవర్ ది ఎడ్జ్ షోలో ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి దిగుతూ పడి చనిపోయాడు. షో ఆపలేదు. దాన్ని సమీక్షించడం కూడా నాకు ఇష్టం లేదు.

క్రిస్ బెన్వా విషయం ఇంకా కష్టం. 2007లో భార్యనీ చిన్న కొడుకునీ చంపి తానూ చనిపోయాడు. ఆ కాలపు మంచి షోలు సగానికి సగం అతనితో ముడిపడి ఉన్నాయి. నేను పైన పొగిడిన ఎక్స్-సెవెన్‌లోనూ అతని మ్యాచ్ ఉంది. నేను దాన్ని దాటేస్తాను. చూసేవాళ్లని తప్పుపట్టను. కానీ 2004 రెజిల్‌మేనియా చివర్లో అతను టైటిల్ పట్టుకుని సంబరం చేసుకోవడం నేనిక చూడలేను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. 2023 సెప్టెంబర్‌లో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి జాన్ సీనాని చూడటానికి వెళ్లినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సీనా అంటే ఇష్టమైతే 2011 జులై 17 నాటి మనీ ఇన్ ది బ్యాంక్‌తో మొదలుపెట్టండి. ఒప్పందం ముగిసిపోతున్న చికాగో కుర్రాడు సీఎం పంక్ సొంత జనం ముందు సీనాతో ఆడతాడు, హాలంతా సీనాకి ఎదురు తిరుగుతుంది. దాని తర్వాత రెజిల్‌మేనియా 13 పెట్టుకోండి. పేరు మారి ఆల్‌స్టేట్ అరీనా అయింది గానీ రెండూ జరిగింది ఒకే హాల్లో, పద్నాలుగేళ్ల తేడాతో. ఆ చికాగో జనానికి ఒక మనిషి నచ్చితే ఎంత గొంతు వస్తుందో ఈ రెండూ వెంట వెంటనే చూస్తే తెలుస్తుంది. ఆ పైన కెనడియన్ స్టాంపీడ్. ఎక్స్-సెవెన్ నాలుగు గంటలకు దగ్గరగా ఉంటుంది, దానికి సెలవు రోజు కావాలి. స్టార్‌కేడ్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.